ముందు వరస పన్ను

పొట్టేలు నడుము మీద చెయ్యి వేసి నొక్కేవాడి ముఖం చూస్తే చాలు, కొనడానికి వచ్చాడో ఊరికే పొద్దుపుచ్చడానికి వచ్చాడో చెంచమ్మ చెప్పేస్తుంది. సురేంద్రబాబు కొనడానికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కాకి ముళ్ళు తగులుతాయని కూడా చూడకుండా కంపదొడ్డిలోకి వంగి దూరి, ఆరు పొట్టేళ్ళను ఒక్కోదాన్నీ నడుము దగ్గరా తోక మొదట్లోనూ పట్టి చూశాడు. నోళ్ళు తెరిపించి పళ్ళు చూశాడు. ఆదివారం వాళ్ళింటికి పార్టీ నాయకుడు భోజనానికి వస్తున్నాడు. వెనకాల వచ్చే కార్లన్నిటికీ మాంసం కావాలి.

ఉదయగిరి కొండ కింద ఆ పల్లెలో సురేంద్రబాబును చిన్నయ్య అంటారు. వాళ్ళ నాయన జనార్దనయ్య పెద్దయ్య. ఊళ్ళో తగాదా ఎవరిదైనా తీర్పు పెద్దయ్యది. కోతలయ్యాక గొర్రెలు మేసే చేలూ పెద్దయ్యవే. చిన్నయ్యకు సేద్యం మీద మనసు నిలవలేదు. ఆత్మకూరులో బస్టాండు ఎదురుగా ట్రావెల్స్ ఆఫీసు పెట్టి, కువైట్‌కీ దుబాయ్‌కీ పోయేవాళ్ళకు విమానం టికెట్లు అమ్ముతాడు. గిరాకీకి కొదవలేదు. ఈ మెట్ట ఊళ్ళలో వాన ముఖం చాటేసినప్పుడల్లా ఆ ఆఫీసు బెంచీ నిండిపోతుంది.

చెంచమ్మ మొగుడు ఓబులయ్య భుజం మీది తువ్వాలు తీసి పరిచి పట్టుకున్నాడు. సురేంద్రబాబు దాని కిందికి చెయ్యి పోనిచ్చాడు. తువ్వాలు కింద వేళ్ళు వేళ్ళను పట్టాయి, వదిలాయి, మళ్ళీ పట్టాయి. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. చివరికి ఓబులయ్య తల ఊపాడు. ధర కుదిరింది. ఆ ధర నోటితో చెప్పుకోవడం ఆనవాయితీ కాదు. మార్చడం అంతకన్నా కాదు. బయానా ఇచ్చినవాడు బేరం తప్పితే బయానా వదులుకోవాలి. పుచ్చుకున్నవాడు తప్పితే రెండింతలు తిరిగి కట్టాలి. మధ్యలో ధర కొండెక్కనీ, రోగమొచ్చి మంద సగం పోనీ, మాట మాటే.

సురేంద్రబాబు జేబులోంచి నోట్లు తీసి ఓబులయ్య చేతిలో పెట్టాడు.

"మరి నా టికెట్టో చిన్నయ్యా?" అంది చెంచమ్మ.

ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. సెలవు మీద వచ్చి తల్లి జబ్బుతో ఇరుక్కుపోయింది. ఈ నెలాఖరులోగా అక్కడ కాలు పెట్టకపోతే అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, రద్దయిపోతుంది. ఆ కార్డు పోయిందంటే మళ్ళీ వీసా, మళ్ళీ ఏజెంటు, మళ్ళీ అప్పు. కూతురు నర్సింగు చదువు మధ్యలో ఆగిపోతుంది. అన్నీ ఆ ఒక్క టికెట్టుకే వేలాడుతున్నాయి.

సురేంద్రబాబు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని ధర చెప్పాడు. చెంచమ్మ దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది. రెండు పొట్టేళ్ళు.

"దానికీ చెయ్యి కలుపు చిన్నయ్యా, తువ్వాలు కింద."

"విమానం టికెట్టుకా మే?" అని పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఓబులయ్య పట్టుకున్న తువ్వాలు కింద చెయ్యి పెట్టి తీశాడు. చెంచమ్మ మొగుడి చేతిలోని బయానా నోట్లు అలాగే తీసుకుని చిన్నయ్య చేతికి తిరిగిచ్చింది. "ఇది టికెట్టుకి బయానా. మిగతాది ఆదివారం పొట్టేళ్ళ డబ్బుల్లో పట్టుకో."

"నా నోట్లు నాకేనా! గట్టిదానివే." వాటిని జేబులో పెట్టుకున్నాడు. ఆమె పాస్‌పోర్టును ఫోనులో ఫొటో తీసుకున్నాడు. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

శనివారం టికెట్టు కాగితం తెచ్చుకుందామని చెంచమ్మ ఆత్మకూరు బస్సెక్కింది. ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. గోడ మీద విమానం బొమ్మ, దాని పక్కన చిన్నయ్య నాయకుడికి దండ వేస్తున్న ఫొటో. అద్దం వెనక కంప్యూటర్ ముందు మధులత కూర్చుని ఉంది. ఉదయగిరి పిల్లే, డిగ్రీ చదివి ఇక్కడ టికెట్లు కొడుతుంది. చెంచమ్మను చూసి లేచి పలకరించబోయి, చిన్నయ్య గదివైపు చూసి కూర్చుండిపోయింది.

సురేంద్రబాబే బయటికి వచ్చాడు. "టికెట్టు రేటు పెరిగింది చెంచమ్మా."

"అదేంది? చెయ్యి కలిపినాం గదా."

"నేను పెంచినానా? గవర్నమెంటు పెంచింది. విమానం టికెట్ల మీద పన్ను. టీవీలో రాలా? పేపర్లో రాలా?" పేపరు తెచ్చి బల్ల మీద వేసి, వేలితో పెద్దక్షరాల మీద కొట్టాడు. పన్ను పెంచిన మాట నిజమే. అక్కడ అచ్చుపడే ఉంది. "నీకొక్కదానికేనా, అందరికీ అంతే. పై డబ్బు ఆదివారం లెక్కలో పట్టుకుంటాలే."

పై డబ్బంటే ఒక గొర్రెపిల్ల ధర. పిల్లను ఈనేటప్పుడు తల్లి పడే యాతన, పొదుగు పట్టని పిల్లకు సీసాతో పాలు పట్టడం, నక్కలకు కావలి పడుకోవడం, అన్నీ కలిపి ఒక వేలి దెబ్బకు పోయాయి.

"నిరుడు విమానాల నూనె మీద పన్ను తగ్గించినారని ఇదే పేపర్లో రాసినారు గదా చిన్నయ్యా. అప్పుడు టికెట్టు తగ్గలా. అడిగితే, అదంతా కంపెనీ లెక్క, మనదాకా రాదన్నావు."

"ఇప్పుడూ కంపెనీ లెక్కేమ్మా. నువ్వు నాతో ఎందుకు గొడవ పడతావు? పొయ్యి ఢిల్లీలో అడుగు."

బెంచీ మీదున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళూ అదే పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళే. ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని ఊరికే అన్నారా? పెరిగితే పేదోడి నెత్తిన, తగ్గితే పెద్దోడి జేబులోన. చెంచమ్మకు నోరారా తిట్టాలనిపించింది. కానీ ఏమని తిట్టాలి? గవర్నమెంటును తిట్టాలంటే ఎదురుగా మనిషి లేడు. ఎదురుగా ఉన్న మనిషేమో తన తప్పేం లేదంటున్నాడు.

బయటికొచ్చి బస్టాండులో కొళాయి దగ్గర నిలబడింది. నీళ్ళు తాగుదామని వంగింది. వెనకాల చెప్పుల చప్పుడైంది. మధులత, చేతిలో ఖాళీ నీళ్ళ సీసా పట్టుకుని, ఆఫీసువైపు వీపు తిప్పి నిలబడింది.

"అక్కా, ఇటు చూడబాక. కొళాయివైపే చూడు." సీసా కొళాయి కింద పెట్టింది. "ఆ పన్ను నీ సీటుకి కాదు. మన మామూలు సీట్లకి ఒక్క పైసా పెరగలా. ముందర వెడల్పు సీట్లుంటాయే, పడుకోని పోయేవి, వాటికి పెంచినారు."

చెంచమ్మ తలెత్తింది. ఆ సీట్లు ఆమెకు తెలుసు. విమానమెక్కిన ప్రతిసారీ వాటి మధ్యలోంచే నడిచి పోవాలి. కాళ్ళు బారజాపుకుని, గ్లాసుల్లో రసం పట్టుకుని కూర్చుని ఉంటారు. పక్కనుంచి పోయే ఆడమనిషి వాళ్ళ కంటికి ఆనదు. ఈమె తోక దగ్గర తన సీటు చేరేలోపల ఆ మధ్య తెర లాగేస్తారు.

"వాళ్ళ పన్ను నా దగ్గర తీస్తా ఉండాడా?"

"అంతే గాదు." సీసా నిండి పొర్లుతోంది. మధులత కొళాయి కట్టలేదు. "నీ టికెట్టు నువ్వు బయానా ఇచ్చిన పూటే తీసేసినాను. చెప్పిన ధరకే. అది నా కంప్యూటర్లో ఉండాది. ఇప్పుడడిగే పైది కంపెనీకి పోదు, గవర్నమెంటుకీ పోదు. పన్ను పెరిగిందని అందరికీ నా నోటితోనే చెప్పిస్తా ఉండాడు. చెప్పీ చెప్పీ నాకే రోత పుడతా ఉండాది."

ఆమె సీసా మూత పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. పొర్లిన నీళ్ళు చెంచమ్మ పాదాలు తడిపాయి. మంచిదే అయింది, ఆ తడికే ఆమె అక్కడ కదలకుండా నిలబడగలిగింది. లేకుంటే వెనక్కి పోయి ఆ అద్దం పగలగొట్టి ఉండేది.

"పొట్టేళ్ళు ఇయ్యబాక" అంది ఆ సాయంత్రం మొగుడితో.

ఓబులయ్య దొడ్డివాకిలికి కంప అడ్డం పెడుతున్నాడు. చేతిలో ముల్లు దిగింది. పంటితో పీకి ఉమ్మేశాడు. "బయానా పుచ్చుకున్నాం గదమే."

"దసరా బేరగాళ్ళు ఊళ్ళ మీద పడినారు. ఇందాక రోడ్డు మీద ఒకడు ఆటో ఆపి మరీ అడిగినాడు, ఎక్కువకే. వాడికి తోలు."

"మాట తప్పితే రెండింతలు కట్టాల. మా నాయన రోగాల ఏట మంద పొయ్యి పొట్టేళ్ళు ఇయ్యలేకపోతే, పెద్దయ్య అరుగు మీద కూర్చోబెట్టి కట్టించినాడు. మా యమ్మ కాళ్ళ కడియాలు అట్లే పోయినాయి." ఇంకో కంప లాగి అడ్డం వేశాడు. "డబ్బు సంగతి పక్కన పెట్టు. వాళ్ళ చేలల్లో మేపొద్దంటే మందను యాడికి తోలాల? కొండకా?"

మొగుడిది పిరికితనం కాదు, మంద మేత. అది చెంచమ్మకు తెలుసు. తెలిసినందుకే కోపం ఇంకా ఎక్కువైంది. మనిషిని కొట్టకుండా తిట్టకుండా నోరు నొక్కే ఉపాయం ఇది. వాడి చేలో నీ గొర్రె మేస్తుంటే నీ నోట్లో వాడి గడ్డి ఉన్నట్టే.

"మాట తప్పొద్దు" అంది చివరికి. "రేపు నేనూ వస్తాను."

ఆదివారం పెద్దయ్య ఇంటి ముందు షామియానా వేశారు. గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కాయి. మసాలా నూరిన వాసన వీధి మలుపుదాకా కొడుతోంది. కటికవాళ్ళు గోడవారన కత్తులు నూరుకుంటున్నారు. తెల్ల చొక్కాలవాళ్ళు ఫోన్లు చెవులకు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. జనార్దనయ్య అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఓబులయ్య దంపతులు ఆరు పొట్టేళ్ళతో గేటు దగ్గరికి వచ్చేసరికి వంటమాస్టరు చేతులు జోడించాడు. "తొందరగా తల్లీ, పొద్దెక్కిపోతా ఉండాది!"

పొట్టేళ్ళు లోపలికి పోలేదు. చెంచమ్మ గేటు మధ్యలో నిలబడింది. "ముందు లెక్క చూడు చిన్నయ్యా."

సురేంద్రబాబు నవ్వుతూ వచ్చి నోట్లు లెక్కపెట్టి ఓబులయ్యకు ఇచ్చాడు. చెంచమ్మ తీసుకుని చూసింది. గొర్రెపిల్ల ధర తక్కువ.

"పొట్టేళ్ళకి చెయ్యి కలిపిన ధర మేం మార్చలా. మార్కెట్టు పెరిగినా తోలుకొచ్చినాం. టికెట్టు ధర నువ్వెందుకు మార్చినావు?"

"పన్ను అని నిన్ననే చెప్పినా గదా. ఇయ్యాళ ఈ గొడవేంది, పెద్దోళ్ళొచ్చే టయానికి?"

"ఏ సీటుకి పన్ను?"

సురేంద్రబాబు నవ్వు ఆగిపోయింది.

"ముందర కాళ్ళు జాపుకోని కూర్చుంటారే, వాళ్ళకి పెంచినారు. నేను తోక కాడ కూర్చునేదాన్ని. నా సీటుకి పెరగలా. నేను బయానా ఇచ్చిన పూటే టికెట్టు తీసేసినావు. ఇంక ఏ పన్ను, ఎవురికి కట్టేది?"

తెల్ల చొక్కాలు ఫోన్లు చెవుల దగ్గర్నుంచి దించాయి.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురైతే ఏంది? అబద్ధమైతే ఇంతమందిలో అబద్ధమని చెప్పు."

అతను అరుగువైపు చూశాడు. జనార్దనయ్య గొంతు సవరించుకున్నాడు. "మే చెంచమ్మా, విమానం టికెట్టూ పొట్టేలూ ఒకటేనా? దాని పద్ధతులు వేరే. మనకు తెలిసేవి కావు. తోలండి, తర్వాత మాట్లాడదాం."

"తువ్వాలు ఒకటే గదయ్యా. నోట్లు కూడా ఆ నోట్లే." ఆమె వేలితో అరుగు చూపించింది. "మా మామను ఇదే అరుగు మీద కూర్చోబెట్టి రెండింతలు కట్టించినారు. గొర్రెలు చచ్చిపోయినాయయ్యా అంటే, చావు వేరు మాట వేరు అన్నారంట. ఇయ్యాళ మీ కొడుకు దగ్గర ఏమీ చావలా. పద్ధతి మాకొక్కళ్ళకేనా?"

పెద్దయ్య ముఖం నల్లబడింది. తీర్పు చెప్పే నోరు తన ఇంటి గుమ్మం దాకా వచ్చి మూతపడింది.

"సరే అయ్యా, మీరు చెప్పకపోతే నేను చెప్తాను. టికెట్టు బేరం చిన్నయ్య తప్పినాడు. నాకు రెండింతలు బాకీ. పొట్టేళ్ళ బేరం ఇప్పుడు నేను తప్పతా ఉండాను. నేను రెండింతలు బాకీ. రెండు బయానాలూ ఆ నోట్లే. చెల్లుకు చెల్లు." చేతిలోని డబ్బు తెచ్చి అరుగు మీద పెట్టింది. "ఓబులయ్యా, మళ్ళించు."

మొగుణ్ణి ఆమె పేరు పెట్టి పిలవడం ఊరంతా అదే మొదటిసారి విన్నది. ఓబులయ్య పెద్దయ్య వైపు చూశాడు. ఆ ఇంటి వెనక పరుచుకున్న చేలవైపు చూశాడు. తర్వాత నాలుక మడిచి డుర్ర్ర్ మన్నాడు. ఆరు పొట్టేళ్ళూ ఒక్కసారిగా వెనుదిరిగాయి.

అప్పుడే వీధి మలుపులో హారన్లు మోగాయి. నాయకుడి కార్లు. ఆ వీధి రెండు బళ్ళు పట్టని వీధి. ముందు కారుకు అడ్డంగా పొట్టేళ్ళు. వెనకాల కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలిచిపోయాయి. ముందు కారు అద్దం దిగింది. "ఏంది సురేంద్రా, ఏంది సమస్య?" అని లోపల్నుంచి గొంతు. సురేంద్రబాబు చేతులు నలుపుకుంటూ "ఏం లేదన్నా, ఏం లేదన్నా" అన్నాడు. వంటమాస్టరు మాత్రం గరిటె పట్టుకుని గేటు దాకా వచ్చి గట్టిగా అరిచాడు. "ముక్క లేకుండా ఏం వండమంటారయ్యా, మసాలా నీళ్ళా?"

జనార్దనయ్య కుర్చీలోంచి లేచాడు. న్యాయం లేపలేని మనిషిని మాంసం లేపింది. "ఆగండి! వాడు మొదట చెప్పిన ధరకే టికెట్టు ఇస్తాడు. తోలండి లోపలికి."

"టికెట్టు నా చేతిలో పెట్టమనయ్యా. అప్పుడు తోలతాం."

"నా మాట చాలదా?"

చెంచమ్మ తల దించలేదు. "నిన్నటిదాకా చాలేదయ్యా, ఇయ్యాళ చాలదు."

మధులతకు ఫోన్ పోయింది. ఇల్లు ఉదయగిరిలోనే కాబట్టి, నెట్ సెంటర్ తెరిపించి కాగితం తీయించుకుని స్కూటీ మీద వచ్చింది. అందాకా పొట్టేళ్ళు వీధిలో, నాయకుడు కారులో. ఎండకు ఏసీ వేసుకుని కూర్చున్నాడు. ఒక పొట్టేలు ఆ కారు బంపరుకు తీరిగ్గా ఒళ్ళు రుద్దుకుంది.

మధులత కాగితాన్ని చిన్నయ్య చేతికి ఇవ్వకుండా నేరుగా చెంచమ్మకు ఇచ్చింది. సురేంద్రబాబు ఆమెను చూసిన చూపుకు మరో పిల్లయితే అక్కడే ఏడ్చేది.

"రేపట్నించి నేను రాను సార్" అంది. "ఆ అబద్ధం ఇంక నా నోటితో చెప్పలేను. మీరే చెప్పుకోండి."

ఓబులయ్య తక్కువైన గొర్రెపిల్ల ధరతో సహా డబ్బు సరిచూసి పంచెలో దోపుకుని పొట్టేళ్ళను లోపలికి తోలాడు. పెరిగిన ధరకు కాదు, తువ్వాలు కింద కుదిరిన ధరకే. ఆ సాయంత్రం, ఇక తన చేలల్లో మంద కనపడకూడదని పెద్దయ్య మనిషి చేత కబురు పెట్టాడు. ఓబులయ్య తెల్లారకముందే గొర్రెలను కొండదారి పట్టించాడు. భార్యను ఒక్క మాట అనలేదు.

గురువారం చెంచమ్మ ప్రయాణం. ఉదయగిరి నుంచి వచ్చి ఆత్మకూరులో దిగి నెల్లూరు బస్సు ఎక్కాలి, అక్కడ్నుంచి చెన్నై. విమానం మర్నాడు తెల్లవారుజామున. టైము కావలసినంత ఉంది. నెల్లూరు బస్సు స్టార్టు చేసి ఉంది. కండక్టరు "నెల్లూరు, నెల్లూరు" అని అరుస్తున్నాడు. చెంచమ్మ సంచీ ఎత్తి మెట్టు మీద కాలు పెట్టి, ఎందుకో ఎదుటి ఆఫీసు అద్దాల తలుపువైపు చూసింది.

మధులత కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. బెంచీ నిండా ఆడవాళ్ళు. అద్దానికి దగ్గరగా ఒకామె, సోమశిల వైపు మనిషి, పేరు హన్నమ్మ. కువైట్‌లో శుక్రవారాలు చర్చికి పోతూ చెంచమ్మ ఉండే వీధిలోంచే నడిచేది. ఆ హన్నమ్మ ఇప్పుడు చీర కొంగు ముడి పంటితో విప్పుతోంది. కొత్తమ్మాయి పేపరు మీద వేలు పెట్టి ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో వినపడనక్కరలేదు.

నా టికెట్టు నా సంచీలో ఉంది కదా, అనుకుంది చెంచమ్మ. నా పని అయిపోయింది కదా. అంతలోనే తనమీద తనకే కోపం వచ్చింది. మంద మేత పోయింది, ఒక పిల్ల ఉద్యోగం పోయింది, ఆ పేపరు మాత్రం ఆ బల్ల మీద అలాగే ఉంది. పోయిన వారం ఆ బెంచీ మీదవాళ్ళు తనను చూసి నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇంకా మండింది. నవ్వినవాళ్ళ మీద కాదు, తెలియనీయకుండా నవ్వించినవాడి మీద.

మెట్టు మీది కాలు దించింది.

"ఎక్కమ్మా, పోతా ఉండాది" అన్నాడు కండక్టరు.

"పోనీ. ఇంకొకటి వస్తాది."

రోడ్డు దాటి ఆఫీసు తలుపు తోసింది. లోపలి గదిలో సురేంద్రబాబు ఫోన్లో మాట్లాడుతూ ఆమెను చూసి మాట మధ్యలో ఆపేశాడు. చెంచమ్మ అతనివైపు చూడలేదు. బెంచీ మీద కాస్త జరగమని సైగ చేసి, సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని, హన్నమ్మ పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పుతున్న ఆ చేతి మీద చెయ్యి వేసింది.

"ముడి విప్పబాక హన్నమ్మా" అంది, బెంచీ అంతటికీ వినపడేలా. "ముందు ఆ పిల్లను అడుగు, పన్ను ఏ సీటుకో."